అల్లుడు పెట్టించిన డబ్బా

“మన ఇంట్ల ఉండే వస్తువుకు తాళంచెవి ఇంకొకల దగ్గర ఉండుడేంది? రేపు ఏమన్న అయితే ఎవర్ని అడగాలె?” అన్నాను నేను.

అప్పటికి ఇంకా ఏమీ కాలేదు. నిచ్చెన ఎక్కిన మనిషి గోడకు మేకైనా కొట్టలేదు. మా ఆయన జనార్దన్ నవ్వి, మా ఇంటామెకు దేన్ని చూసినా గుబులే, నువ్వు పని కానియ్యమని ఆ మనిషికి చెప్పాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కుక్కరు కొన్నప్పుడు అది పేలుతుందని భయపడ్డాను. గీజరు పెట్టించినప్పుడు పిల్లకు కరెంటు కొడుతుందని చాన్నాళ్లు పొయ్యి మీదే నీళ్లు కాచి పోశాను. మా సాహిత్య వికారాబాద్ కాలేజీకి పాసింజరు రైల్లో పోయి వచ్చినన్నాళ్లూ, అది ధారూర్ దాటి ఉంటుందా లేదా అని పొద్దుగూకేదాకా గడప మీదే కూర్చున్నాను. కుక్కరు పేలలేదు. గీజరు ఎవరినీ ఏమీ చేయలేదు. రైలు వేళకు రాకపోయినా క్షేమంగానే వచ్చింది. అట్లా ఏదీ జరగక జరగక మా ఇంట్లో నా భయానికి విలువ లేకుండా పోయింది. ఏడో తరగతితో బడి మానేసినదానికి వైఫై సంగతి ఏం తెలుసని పైకి ఎవరూ అనలేదు గానీ, వాళ్లు అనుకునేది నాకు వినబడుతూనే ఉంటుంది.

ఇది పోయిన కందుల సీజను ముచ్చట. ఏడో నెల పెట్టగానే సాహిత్యను తొలి కాన్పుకు తాండూరు తీసుకొచ్చాం. ఆమె ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని హైదరాబాద్ ఆఫీసు ఒకదానికి లెక్కలు చూస్తుంది. నెట్ లేకపోతే పని లేదు. అల్లుడు రూపేష్‌ది వికారాబాద్‌లో అదే వ్యాపారం. ఒక చిన్న నెట్ కంపెనీ లైను తీసుకుని మర్పల్లి, నవాబుపేట, ధారూర్ వైపు ఇళ్లకు కనెక్షన్లు ఇస్తాడు. ఆ ఏడే తాండూరు దాకా వైరు లాగాడు. మా ఇంటికి మేం అడగకముందే డబ్బా పంపించాడు. డబ్బా కంపెనీది, మీరు ముట్టుకునే పని లేదు, ఏమొచ్చినా వికారాబాద్‌లో కూర్చునే సరిచేస్తాం, పాస్‌వర్డ్ మార్చాలన్నా అక్కడి నుంచే మారుస్తాం అని బిగించే మనిషి చెప్పాడు. నేను తాళంచెవి అన్నది దాన్నే.

పక్కింటి దశరథ్ అన్న అప్పుడు మా హాల్లోనే కూర్చుని చాయ తాగుతున్నాడు. ఆయనా మా అల్లుడి దగ్గరే కనెక్షన్ తీసుకున్నాడు. వెనకటి కంపెనీ వాళ్లు డబ్బా నువ్వే కొనుక్కోమన్నారట. ఉరుములకు అది కాలిపోతే, లైను మంచిగుంది మీ డబ్బాదే తప్పని కంపెనీ వాళ్లు, డబ్బా మంచిగుంది లైనుదే తప్పని దుకాణం వాళ్లు ఆయన్ను బంతిలా ఆడించారట. ఇప్పుడు ఒక్క ఫోను చేస్తే చాలు, చాయ చల్లారకముందే నెట్ వస్తుంది, మన తలకాయ నొప్పి వాళ్లు మోస్తుంటే మనకెందుకమ్మా అన్నాడు.

“సిలిండరు గూడ కంపెనీదే కద అన్నా,” అన్నాను. “కని రెగ్యులేటర్ తిప్పేది నేను.”

ఆయన గట్టిగా నవ్వాడు. డబ్బా హాల్లో టీవీ పక్కన గూట్లో కూర్చుంది. దాని మీద పచ్చ దీపాలు వెలిగాయి. అల్లుడు ఇచ్చినదాన్ని వద్దనడం మా వైశ్యుల ఇళ్లలో లేదు. అసలు అల్లుడి ఎదుట నిలబడి అత్త మాట్లాడటమే లేదు. నేను రూపేష్‌తో ఏం చెప్పాలన్నా వంటింటి గడప ఇవతల నుంచి, అది కూడా సాహిత్యను ముందు పెట్టుకునే చెబుతాను. అటువంటిది, మీరిచ్చిన డబ్బాకు తాళంచెవి మాకివ్వండని ఎట్లా అడుగుతాను?

మొదట్లో నా భయం వేరే. ఆ డబ్బాలోంచి వచ్చే గాలి కడుపులో పిల్లకు తగులుతుందేమోనని సాహిత్య మంచాన్ని లోపలి గదిలోకి జరిపించాను. కంపెనీ వాళ్లు మా మాటలు వింటారేమోనని, బేరాల సంగతులు హాల్లో మాట్లాడొద్దని మా ఆయనకు చెప్పాను. కందిపప్పు మిల్లు నడిపే మనిషి ఆయన, రేటు సంగతి వచ్చినప్పుడు గొంతు తగ్గించడం అలవాటే. కానీ డబ్బాకు భయపడి తగ్గించమంటే మాత్రం, నిన్ను దవాఖానలో చూపియ్యాలె అన్నాడు.

తర్వాత మా చెల్లెలి బిడ్డ రుచిత నవాబుపేట నుంచి వచ్చింది. అక్కకు ఇష్టమని గర్జెలు వండుకుని తెచ్చింది. వచ్చీ రాగానే వైఫై పాస్‌వర్డ్ అడిగి తన ఫోనులో పెట్టుకుంది. నేను చాయ పొయ్యి మీద పెట్టాను. అది పొంగకముందే సాహిత్య ఫోను మోగింది. రూపేష్. ఇంట్లో కొత్త ఫోను కనిపిస్తోంది, ఎవరొచ్చారని అడిగాడు. రుచిత అని సాహిత్య చెప్పింది. అతను నమ్మాడో లేదో, ఫోను రుచితకు ఇవ్వమన్నాడు. రుచిత మాట్లాడి పెట్టేసి, బావకు ఎంత ప్రేమనే, ఎంత పావురమే అక్కా నీ మీద అని మురిసిపోయింది. నేను మురవలేకపోయాను. అతను అడిగిన తీరు కాదు నాకు పట్టుకున్నది, సాహిత్య చెప్పిన తీరు. బడిలో పంతులు పేరు పిలిస్తే హాజరు పలికినట్టు పలికింది.

ఒక ఆదివారం రూపేష్ వచ్చాడు. బత్తాయిలు, ఖర్జూరాలు, సాహిత్యకు మెత్తటి చెప్పులు తెచ్చాడు. అతను మంచి మనిషి కాదని ఎవరితోనూ అనలేను. తాగడు. పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకోడు. భోజనాలయ్యాక మా ఆయన, దశరథ్ అన్న కూర్చుంటే, తన ఫోను తీసి ఆ డబ్బా ఎట్లా పనిచేస్తుందో చూపించాడు. మర్పల్లిలో ఎవరి ఇంట్లో నెట్ ఆగిందో ఇక్కడి నుంచే చూశాడు, ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. మా ఇల్లు తీశాడు. ఇది మామయ్య ఫోను, ఇది టీవీ, ఇది సాహిత్య కంప్యూటరు, ఇది అత్తమ్మ ఫోను, పొద్దున్నుంచి బయటికి పోలేదు అన్నాడు. దశరథ్ అన్న అబ్బురపడ్డాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది, అంత తెలివైన అల్లుడు దొరికినందుకు. నేను గడప ఇవతల కంచాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నేను పొద్దున్నుంచి బయటికి పోని మాట నిజమే. అది అతనికి తెలియాల్సిన పనేమిటని మాత్రం అనిపించింది.

ఫికర్ చేయకండి అత్తమ్మా, మీ అందరినీ నేను చూసుకుంటున్న అన్నాడు లేస్తూ.

మార్కెట్ యార్డుకు కందులు రావడం మొదలైంది. మా ఆయన పొద్దున పోతే మళ్లీ దుమ్ము కొట్టుకుని వచ్చేది సాయంత్రమే. ఇంట్లో నేనూ సాహిత్యే. ఆమె ఆఫీసు పని చేసుకునేది, లేకపోతే గోడకు ఒరిగి కూర్చునేది. చిన్నప్పుడు నోరు మూసుకోవాలంటే బెల్లం ముక్క పెట్టాల్సి వచ్చిన పిల్ల ఇప్పుడు అడిగినదానికి తలూపుతుంది. తొలి చూలు కదా అని ఇరుగుపొరుగు అన్నారు. నేను కాదనుకున్నాను. అడగాలనుకున్నాను. అడిగేది డబ్బా వింటుందేమోనని మళ్లీ జంకాను.

ఒక మధ్యాహ్నం పప్పు వండే పెద్ద స్టీలు గిన్నె కడిగి, తుడిచి, తీసుకుపోయి ఆ డబ్బా మీద బోర్లించాను. చెవులు మూసేశాననుకున్నాను. లోపలి గదికి పోయి సాహిత్య పక్కన కూర్చున్నాను.

“అత్తగారింట్ల మంచిగున్నవా బిడ్డా?”

ఆమె నా వైపు చూసింది. పెదవి కదిలింది. అప్పుడే హాల్లో టీవీ పక్కన పెట్టిన నా ఫోను మోగింది. చూస్తే రూపేష్. అతను నాకు నేరుగా ఫోను చేయడం అదే మొదటిసారి.

“అత్తమ్మా, సాహిత్య ఏది?”

“లోపట పండుకున్నది,” అన్నాను. ఎందుకట్లా అన్నానో తెలియదు.

“టీవీ నడుస్తున్నది. మీ ఫోను కనవడ్తున్నది. ఆమె ఫోనే పోయింది. ఎటన్న పోయిందా?”

నేను డబ్బా మీది గిన్నె ఎత్తాను. కాసేపటికి అటు నుంచి, “ఆ, వచ్చింది,” అని వినబడింది. ఫోను పెట్టేశాడు.

ఇన్నాళ్లూ నేను ఎవరో ముక్కూమొహం తెలియని కంపెనీ వాళ్లకు భయపడ్డాను. ఆ గిన్నె చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు నా భయానికి ఒక మొహం వచ్చింది, అది మా అల్లుడిది. నెట్ పోయిందా అని అతను అడగలేదు. ఒంట్లో ఎట్లా ఉందనీ అడగలేదు.

గదిలోకి పోతే సాహిత్య ఏం జరిగిందని కూడా అడగలేదు. దిండు గలేబు సరిచేస్తూ అన్నది: “వికారాబాద్‌ల మేడ మీద బట్టలు ఆరేయ పోయినా ఫోన్ వస్తదమ్మా. ఆడికి నెట్ అందది కద. అందుకే నేను ఇంట్లనే ఆరేస్త.”

ఇంకా ఏమైనా చెబుతుందేమోనని చూశాను. ఆమె కంప్యూటర్ తెరిచింది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. కాళ్లు కడుక్కుంటూ విన్నాడు. మొగుడు పెళ్లాం ఎక్కడుందని అడగడం కూడా తప్పేనా, అడగకపోతే పట్టించుకోడంటావు అన్నాడు. తిట్టిండా, కొట్టిండా అన్నాడు. లేదన్నాను. మరి పదిమందిలో ఏమని చెప్తవు, మా అల్లుడు బిడ్డ ఫోను చూస్తుండని పంచాయితీ పెడతవా అన్నాడు. ఇంటికి వచ్చిన మనిషిని కాదు, దూరం నుంచి చూసే చూపును పట్టుకొచ్చి పంచాయితీలో ఎట్లా కూర్చోబెడతాం? నీకు కుక్కరును చూసినా భయమే అన్నాడు మా ఆయన చివరికి. ఆ మాట దగ్గర నేను ఆగిపోవలసి వచ్చింది.

పుష్యం పోకముందే సాహిత్యకు నొప్పులు వచ్చాయి. కాన్పు తేలికగా అయింది, ఆడపిల్ల. దవాఖాన మెట్ల మీద రూపేష్ మిఠాయి డబ్బాతో నిలబడి ఉండగానే పంచాంగం చూసే అయ్యగారి ఫోను వచ్చింది: పిల్ల పుట్టింది మూల నక్షత్రం మొదటి పాదంలో, తండ్రికి గండం. శాంతి చేయించి, నూనెలో నీడ చూపించేదాకా తండ్రి పిల్ల మొహం చూడకూడదు. రూపేష్ చిన్నబోయాడు గానీ, పెద్దలు చెప్పినట్టే అని మెట్లు దిగి వికారాబాద్ వెళ్లిపోయాడు. అప్పుడు అతని మీద నాకు జాలి కూడా వేసింది.

సాహిత్యను ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్నే నేను ఆమె ఫోను అడిగి తీసుకున్నాను. బాలింత ఫోను చూస్తే కళ్లు దెబ్బతింటాయని మా అమ్మ, తన కాలంలో ఫోన్లు లేవు కాబట్టి, అనలేదు గానీ, ఉంటే అనేదే. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, చీకటి గదిలో పండుకోబెట్టాక చేతిలో ఆ వెలుగెందుకు? ఇంకో భయం కూడా ఉంది. అతను వీడియో ఫోను చేస్తే? పొరపాటున పిల్ల మొహం తెర మీద పడితే? ఫోనులో చూసినా చూసినట్టేనా కాదా అన్నది అయ్యగారిని అడగడం మరిచిపోయాను. ఎందుకైనా మంచిదని ఫోను బందు చేసి బీరువాలో చీరల కింద పెట్టాను. సాహిత్య వద్దనలేదు. చాలా రోజుల తర్వాత కళ్లు మూసుకుని నిద్రపోయింది.

ఆ రోజు అమావాస్య, యార్డుకు సెలవు. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నేను బాలింతకు కారం ముద్ద కలుపుతున్నాను. బయట బండి ఆగిన చప్పుడైంది. రూపేష్. హెల్మెట్ కూడా తీయలేదు, మీసం మీద దుమ్ము. వికారాబాద్ నుంచి ఫోనైనా చేయకుండా వచ్చాడు. కూర్చోండని మా ఆయన కుర్చీ జరిపాడు. అతను కూర్చోలేదు, హాలు దాటి లోపలి గది వైపు నడిచాడు.

నాకు ఒకటే తోచింది: పిల్ల. గడప అవతలికి దాటి, అల్లుడని కూడా చూడకుండా, అతని పక్క నుంచే దూసుకుపోయి ఉయ్యాల మీద నా పైట కొంగు పరిచి అడ్డంగా నిలబడ్డాను.

నేను అంత పరుగెత్తే అవసరమే లేదు. అతను ఉయ్యాల వైపు చూడలేదు.

“ఫోను ఏది?” అన్నాడు సాహిత్యతో.

ఆమె చెవుల్లో దూది. ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నేనే బీరువా తెరిచి ఇచ్చాను. అతను దాన్ని ఆన్ చేసి, తన ఫోను తీసి చూసుకున్నాడు. అందులో ఆమె ఫోను కనబడినట్టుంది. ఆమె దిండు పక్కన పెట్టాడు.

“పొద్దుగాల సంది కనవడ్తలేదు మామయ్యా. ఎటన్న తీస్కపోయిన్రేమో అనుకున్న,” అన్నాడు హాల్లోకి వచ్చి, నవ్వుతూ. “పరేషాన్ అయిన.”

“పచ్చి బాలింతను ఎటు తీస్కపోతం అల్లుడుగారూ,” అన్నాడు మా ఆయన.

నేను గడప ఇవతలికి వచ్చి, కళ్లకు మంచిది కాదని నేనే తీసిపెట్టానని చెప్పాను. బందు చేయకండి అత్తమ్మా, పక్కన పెట్టండి చాలు, బందు చేస్తే నాకు తెల్వదు కద అన్నాడు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మా ఆయన చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. అన్నానికి పిలిస్తే వచ్చి కూర్చున్నాడు, కలుపుకున్నాడు, తినలేదు.

“పిల్లను చూసిండా?” అన్నాడు. గండం తగిలిందేమోనని భయమనుకున్నాను.

“లేదు. అటు దిక్కు చూడనే లేదు. ఫోనొక్కటే అడిగిండు.”

ఆయన చేయి కడిగేసుకున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ కుక్కరు మాట ఎత్తలేదు.

తర్వాత నాకంటే మా ఆయనే ఎక్కువ తిరిగాడు. బస్టాండు దగ్గర ఇమ్మానుయేలు ఫోన్ల దుకాణానికి పోయి, మాకు సొంతంగా వైఫై డబ్బా ఒకటి ఇమ్మని అడిగాడు. అమ్ముతాను గానీ పెద్దమనిషీ, లైను వచ్చి ఆగేది కంపెనీ డబ్బాలోనే, ఇది దాని వెనకాల పెట్టుకోవచ్చు, కంపెనీ డబ్బాను ఏమన్నా చేయాలంటే వాళ్లనే అడగాలన్నాడు. మా ఆయన అక్కడే నిలబడి కంపెనీ పెద్ద నంబరుకు ఫోను చేశాడు. ఎవరో అమ్మాయి పేరూ ఊరూ అడిగి, మీ ఏరియా చూసేవాళ్లకు కలుపుతున్నానని చెప్పింది. కలిపింది.

“ఏమన్న ప్రాబ్లమా మామయ్యా?” అన్నది అల్లుడి గొంతు.

ఏం లేదు బాబూ, ఊరికే అని పెట్టేశాడట. ఈ మాట నాకు చెబుతూ ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

దశరథ్ అన్నతో కూడా కూర్చున్నాడు. ఆయన ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాడు: డబ్బా వాళ్ల చేతిలో ఉంటేనే మనకు సుఖం, మనిషి మంచోడైతే చాలు. మంచోడా కాదా అన్నది ఎట్లా తెలుస్తది అన్నా అని అడిగాను. వెనకటిలా గట్టిగా నవ్వలేదాయన. తన కొడుకు బెంగళూరు నుంచి వచ్చిన పూట రూపేష్ ఫోను చేసి, ఇంట్లో కొత్త ఫోను వచ్చిందని సరదాగా అన్నాడని మాత్రం మెల్లగా చెప్పాడు.

మళ్లీ మూల నక్షత్రం వచ్చిన రోజు శాంతి చేయించాం. వెడల్పాటి గిన్నె నిండా నూనె పోశారు. రూపేష్ పీట మీద కూర్చున్నాడు. వెనక నుంచి సాహిత్య పిల్లను ఎత్తి పట్టుకుంది. నూనెలో పిల్ల మొహం కనబడగానే అతని కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. నటన కాదు. నా కళ్లు కూడా చెమర్చాయి. నేను ఉన్నవీ లేనివీ ఊహించుకుని ఒక మంచి సంసారంలో నిప్పులు పోస్తున్నానా అని ఆ పూటంతా నన్ను నేనే అనుమానించుకున్నాను. భోజనాలయ్యాక అతను పిల్లను ఒళ్లో పెట్టుకుని, మూడో నెలలో తీస్కపోతానని చెప్పాడు. ఇంట్లో ప్రతి గదికీ నెట్ అందేటట్టు ఇంకో డబ్బా పెట్టించాడట. ఉయ్యాల దగ్గర చిన్న కెమెరా కూడా. ఇగ నేను ఆఫీసులున్నా ఇంట్ల ఉన్నట్టే అన్నాడు, పిల్ల బుగ్గ నిమురుతూ. నేను సాహిత్య మొహం చూశాను. ఆమె అరిటాకులు ఎత్తుతోంది.

యార్డులో కందులు అయిపోయాయి. మిల్లులో కన్నడం మాట్లాడే కూలీలు మూటలు సర్దుకుని ఊళ్లకు పోయారు. ఎండలు ముదిరాయి. పంపే రోజు దగ్గర పడుతున్న కొద్దీ నేనూ మా ఆయనా విడివిడిగా సాహిత్యను అడిగాం. నువ్వు పోతనంటే పంపుతం, వద్దంటే ఉంచుకుంటం, నోరు తెరిచి చెప్పు బిడ్డా అని నేను. నీకేది ఇష్టమైతే అదే అని ఆయన, ఎటో చూస్తూ. ఆమె పిల్లకు పాలిస్తూ వినేది. ఒక్కసారి మాత్రం, చెప్త అన్నది. ఎప్పుడని అడగలేదు నేను.

పంపే రోజు పొద్దున్నే లేచి ఒడిబియ్యానికి బియ్యం కలిపాను. పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చీర పళ్లెంలో పెట్టాను. రూపేష్, అతని తల్లి కరుణమ్మగారు కారులో వచ్చారు. ఆమె వస్తూనే పిల్ల కోసం లోపలికి పోబోయింది. అతను గుమ్మంలోనే ఆగాడు, ఫోను చేతిలో పట్టుకుని.

ధారూర్ దాటగానే మీ డబ్బా పోయింది మామయ్యా, కరెంటు లేదా అన్నాడు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. అతను గూటి వైపు చూశాడు. గూడు ఖాళీ. వైరు గోడకు వేలాడుతోంది. డబ్బా కింద ఉంది, ఒడిబియ్యం పళ్లెం పక్కన, పాత పేపరులో చుట్టి, దారంతో కట్టి. పేపరు చిరుగులోంచి దాని మూల కనిపిస్తోంది. నేను పళ్లెం పెట్టినప్పుడు అది అక్కడ లేదు.

“ఎవరు తీసిన్రు?” అన్నాడు రూపేష్.

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, గిన్నె బోర్లించినదాన్ని కాబట్టి ఇది కూడా నా పనేననుకున్నాడు. నేను ఆయన వైపు చూశాను. దుకాణాల చుట్టూ తిరిగిన మనిషి, ఆయనే అయి ఉంటాడనుకున్నాను. ఎలుకలు వైరు కొరికాయని చెబుదామా, దులుపుతుంటే ఊడిందని చెబుదామా అని నా నాలుక మీదికి అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఏదీ దిగలేదు. కరుణమ్మగారు కొడుకు మొహమూ మా మొహాలూ మార్చి మార్చి చూసింది. అడిగేది మిమ్మల్నే అన్నట్టు అతను అక్కడే నిలబడ్డాడు, మెల్లగా, మర్యాదగా, ఎంతసేపైనా నిలబడేవాడిలా. రోడ్డు మీద నాపరాళ్ల లారీ ఒకటి పోయింది. దాని చప్పుడు పూర్తిగా అణిగిపోయింది.

“నేనే తీసిన,” అన్నది సాహిత్య.

లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది, పిల్ల భుజం మీద. తలకు గుడ్డ లేదు. గొంతు పెద్దది చేయలేదు.

“మీ డబ్బా మీరు తీస్కపోండ్రి. నేను యాడున్ననో తెల్వాల్నంటే నన్ను అడుగుండ్రి, చెప్త. ఇప్పుడైతే ఈడ్నే ఉంట.”